లీష్ లేని కుక్క ఎదురొస్తే: మీ కుక్కతో నడిచేటప్పుడు ఏ ఉపాయం ఎవరికి తగినది

మన ఊళ్లలో కుక్కను నడిపించేవారికి వీధికుక్కల బెడద గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. దానికంటే చిక్కైనది మరొకటి ఉంది: యజమాని వెంటే ఉన్నా లీష్ (కుక్కను పట్టుకునే తాడు) వేయకుండా వదిలిన పెంపుడు కుక్క. అది దూరం నుంచి పరుగెత్తుకొస్తుంటే, వెనక నుంచి యజమాని "ఏం చేయదండీ, ఆడుకోవడానికి వస్తోంది" అంటూ నింపాదిగా నడిచి వస్తారు. ఆ కుక్క నిజంగానే ఏమీ చేయకపోవచ్చు. కానీ మీ చేతిలోని కుక్కకు కొత్త కుక్కలంటే ఇష్టమో, భయమో, మొన్ననే ఆపరేషన్ అయి కుట్లు ఉన్నాయో ఆ యజమానికి తెలియదు. విడమరచి చెప్పేంత వ్యవధి మీకూ ఉండదు.

ఇలాంటప్పుడు కర్ర పట్టుకోమని ఒకరు, పెప్పర్ స్ప్రే కొనమని మరొకరు, నాలుగు బిస్కెట్లు విసరమని ఇంకొకరు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ఫిర్యాదు చేయమని వేరొకరు చెబుతారు. వీటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒకచోట పనికొస్తుంది, మరోచోట ఉన్న పరిస్థితిని చెడగొడుతుంది. కాబట్టి ఏది మంచిదని అడగడం కంటే, ఎంత దూరంలో, ఎలాంటి కుక్కతో, ఎవరు నడుస్తున్నప్పుడు ఏది మంచిదని అడగడం మేలు.

వీధికుక్కలకు పనికొచ్చే పద్ధతులన్నీ పెంపుడు కుక్కలకు పనికిరావన్నది ముందుగా గమనించాలి. వీధికుక్క సాధారణంగా తన వీధిని కాపాడుకోవడానికి వస్తుంది; ఆ హద్దు దాటి వెళ్లిపోతే చాలావరకు ఆగిపోతుంది. రాయి తీయబోతున్నట్టు కిందికి వంగితే వెనక్కి తగ్గుతుంది, ఎందుకంటే రాళ్ల దెబ్బలు దానికి అనుభవమే. ఇంట్లో ముద్దుగా పెరిగిన లాబ్రడార్‌కో గోల్డెన్ రిట్రీవర్‌కో ఆ అనుభవం లేదు. మీరు వంగితే ఆటకు పిలుస్తున్నారనుకొని మరింత ఉత్సాహంగా మీదికి వస్తుంది. పైగా పార్కులోనో వాకింగ్ ట్రాక్ మీదో దానికి హద్దంటూ ఉండదు కనుక, మీరు వెళ్లినంత దూరం వెంటపడుతుంది.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది దూరం. ఎదుటి కుక్క 30 అడుగులకు మించిన దూరంలో ఉన్నప్పుడు మీకు చాలా దారులు తెరిచి ఉంటాయి: తిరిగిపోవచ్చు, రోడ్డు దాటవచ్చు, యజమానిని పిలవవచ్చు. 10 నుంచి 30 అడుగుల మధ్యకు వచ్చాక మిగిలేవి తిండి విసరడం, అడ్డు నిలబడడం, గట్టిగా అరవడం వంటివే. 10 అడుగుల లోపలికి వచ్చేసరికి చేతిలో ఏముందో, మీ కుక్కకు ఏం నేర్పారో అవి మాత్రమే అక్కరకొస్తాయి. ఈ అంకెలు కొలబద్దతో కొలిచినవి కావు. పరుగెత్తే కుక్క 30 అడుగులను ఒకటి రెండు సెకన్లలో దాటేస్తుందని గుర్తుంచుకుంటే వాటి ఉద్దేశం అర్థమవుతుంది. స్ప్రే ఎంత ఖరీదైనదైనా, అది సంచిలో అడుగున ఉంటే 10 అడుగుల దగ్గర ఎందుకూ కొరగాదు.

రెండవది మీ కుక్క పరిమాణం, స్వభావం. షిట్జు, పొమెరేనియన్ వంటి చిన్న కుక్కలకు పెద్ద కుక్క ఆట కూడా ప్రమాదమే. జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ వంటి వాటి యజమానికి భయం తలకిందులుగా ఉంటుంది: ఎదుటి చిన్న కుక్క తానే వచ్చి గొడవ పెట్టుకున్నా, చివరికి తప్పు పెద్ద కుక్క మీదికే వస్తుంది. మూడవది నడిపించే మనిషి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికీ, ఒక చేత్తో బిడ్డను పట్టుకున్న తల్లికీ, జీతానికి కుక్కను తిప్పే పనివారికీ ఒకే సలహా కుదరదు. నాలుగవది మరుసటి రోజు: రేపు ఉదయం లిఫ్టులో అదే మనిషి ఎదురుపడతారా, లేక బీచ్‌లో ఒకసారి కనిపించి మళ్లీ కనిపించని అపరిచితులా? ఐదవది చట్టం. దాని సంగతి ఫిర్యాదుల దగ్గర చూద్దాం.

వస్తున్న కుక్కను చదవడం

ఏ ఉపాయం వాడాలో తేల్చేది ఎదుటి కుక్క ఒంటి తీరు. వంపు తిరుగుతూ, ఒళ్లు వదులుగా ఊపుకుంటూ, మధ్యమధ్య నేల వాసన చూస్తూ వచ్చేది సాధారణంగా పలకరింపుకే వస్తుంది. ముందు కాళ్లు చాచి, ఛాతీ కిందికి వంచి, వెనక భాగం పైకెత్తితే అది ఆటకు పిలుపు. నిటారుగా బిగుసుకొని, నోరు మూసి, చూపు తిప్పకుండా, సూటి గీతలో వచ్చేదాన్ని మాత్రం తేలికగా తీసుకోకూడదు. తోక ఊపడం స్నేహానికి గుర్తని చాలామంది నమ్ముతారు. తోకను నిగిడ్చి పైకెత్తి చిన్నగా, గట్టిగా ఆడించడం ఉద్రేకానికి గుర్తు కూడా కావచ్చు. మొరుగుతూ వచ్చేదానికంటే మౌనంగా వేగంగా వచ్చేదే ఎక్కువ కలవరపెట్టాలి.

మీ కుక్క ఒంటి తీరును కూడా ఇదే చూపుతో గమనించాలి. లీష్ బిగుతుగా లాగి పట్టుకున్నప్పుడు, విడిగా ఉంటే మర్యాదగా తప్పుకొనే కుక్క కూడా ఎగిరి మొరుగుతుంది, ఎందుకంటే పారిపోయే దారి మూసుకుపోయిందని దానికి అర్థమవుతుంది. "మా కుక్క విడిగా ఉంటే బంగారం, కట్టేస్తేనే గొడవ" అని కొందరు లీష్ తీసేయడానికి కారణంగా చెప్పేది ఇదే. మాటలో కొంత నిజం ఉంది, కానీ లీష్ మీద ఉన్న అవతలి కుక్క బిగువును అది మరింత పెంచుతుంది.

ఉపాయాలన్నీ ఒకచోట

| ఉపాయం | పనిచేసే దూరం | ఎవరికి తగినది | ప్రధాన లోపం |
|---|---|---|---|
| తిరిగిపోవడం, దారి మార్చడం | 30 అడుగులకు పైన | అందరికీ | ముందే గమనించాలి. ఇరుకు సందుల్లో కష్టం |
| యజమానిని పిలవడం | 30 అడుగులకు పైన | పొరుగువారితో సఖ్యత ఉన్నవారికి | పిలిస్తే వెనక్కి రాని కుక్క అయితే వృథా |
| తిండి విసరడం | 10–30 అడుగులు | శాంత స్వభావపు కుక్క ఉన్నవారికి | తిండి కోసం పోట్లాట. రోజూ వెంటపడే అలవాటు |
| ముందుకొచ్చి అడ్డు నిలబడడం, ఆజ్ఞ | 5–20 అడుగులు | స్థిరంగా నిలబడగలవారికి | ఉద్రేకంలో ఉన్న కుక్క వినదు |
| గొడుగు, కర్ర | 3–10 అడుగులు | వయసు పైబడినవారికి, చిన్న కుక్క ఉన్నవారికి | కొడితే గొడవ, చట్టపరమైన చిక్కు |
| నీళ్ల స్ప్రే, సిట్రొనెల్లా (నిమ్మగడ్డి జాతి మొక్క నూనె) స్ప్రే | 3–8 అడుగులు | పొరుగు కుక్కలే ఎదురయ్యేవారికి | దాడికి వచ్చేదాన్ని ఆపకపోవచ్చు |
| పెప్పర్ స్ప్రే | సుమారు 10 అడుగుల లోపు | ప్రాణభయం ఉన్న దాడికి మాత్రమే | ఎదురుగాలికి మీకూ మీ కుక్కకూ తగులుతుంది |
| శబ్ద పరికరాలు | మారుతుంది | నమ్మదగిన ఎంపిక కాదు | మీ కుక్క కూడా వింటుంది |
| చంకకెత్తుకోవడం | చివరి క్షణం | చిన్న కుక్క, ధైర్యమైన మనిషి | ఎదుటి కుక్క మీ మీదికే ఎగురుతుంది |

తిరిగిపోవడం: చవకైనది, ఎవరూ ఎంచుకోనిది

నా దృష్టిలో ఈ పట్టికలో మొదటి వరుసే అత్యుత్తమం, మనలో చాలామంది దాన్ని ఎంచుకోకపోవడానికి కారణం ఆత్మాభిమానం. "రూల్స్ పాటించేది నేను, దారి మార్చుకోవలసింది నేనా?" అన్న ప్రశ్న న్యాయమైనదే, కానీ ఆ న్యాయం మీ కుక్క చర్మాన్ని కాపాడదు. ఎదుటి కుక్క మిమ్మల్ని చూడకముందే మీరు దాన్ని చూసి, గొంతులో ఆదుర్దా లేకుండా "పద పద" అంటూ వెనుదిరిగితే నూటికి తొంభై గొడవలు మొదలవకుండానే ముగుస్తాయని నా నమ్మకం. ఇందుకు కావలసినదల్లా ఫోన్ జేబులో ఉండడం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేకపోవడం.

సూటిగా వెనక్కి తిరగడానికి వీలులేనప్పుడు వంపుగా తప్పుకోవడం రెండవ దారి. కుక్కల మర్యాదలో ముఖాముఖి రావడం దురుసుతనం, అర్ధవృత్తంగా పక్కకు తొలగడం శాంతి సూచన. రోడ్డు పక్కన ఆగి ఉన్న కార్లు ఇక్కడ గొప్ప సాయం చేస్తాయి: కారును మధ్యలో ఉంచుకుంటే రెండు కుక్కల చూపులూ తెగిపోతాయి, ఆ తర్వాత కారు చుట్టూ తిరుగుతూ యజమాని వచ్చేదాకా కాలం గడపవచ్చు. తెరిచిన గేటు, అపార్ట్‌మెంట్ మెట్లు, కిరాణా దుకాణం అరుగు, ఏదైనా సరే, లోపలికి వెళ్లి తలుపు వేసుకోగలిగితే అంతకు మించిన రక్షణ లేదు. హైదరాబాద్, విజయవాడ పాత కాలనీల ఇరుకు వీధుల్లో దూరం తక్కువైనా ఇలాంటి చాటులు ఎక్కువ. విశాఖ బీచ్ వంటి చోట దూరం పుష్కలం, చాటు మాత్రం ఉండదు. కాబట్టి బీచ్‌కు వెళ్లేవారు మరింత ముందుగా గమనించి మరింత ముందుగా మళ్లాలి.

వేళ మార్చడం కూడా ఇందులో భాగమే. తెల్లవారుజామున జనం ఉండరన్న ధైర్యంతో చాలామంది తమ కుక్కల్ని వదిలేది సరిగ్గా ఆ వేళలోనే. రాత్రి పదింటి తర్వాత కూడా అంతే. మీ కాలనీలో ఎవరు ఎప్పుడు వదులుతారో వాచ్‌మన్‌ను అడిగితే ఇట్టే చెబుతాడు. వేసవిలో మాత్రం ఈ వెసులుబాటు తగ్గిపోతుంది, ఎందుకంటే ఎండ ఎక్కాక తారురోడ్డు కుక్క పాదాలను కాలుస్తుంది.

యజమానితో మాట్లాడడం

దూరం ఉన్నప్పుడు ఒకే ఒక చిన్న వాక్యం పనిచేస్తుంది: "అండీ, మీ కుక్కను పట్టుకోండి, మాది కరుస్తుంది." మీ కుక్క కరవకపోయినా ఈ మాట చెప్పడంలో ఒక లెక్క ఉంది. "మాది భయపడుతుంది" అంటే "ఏం పర్లేదండీ, అలవాటవుతుంది" అన్న జవాబు వస్తుంది. "కరుస్తుంది" అంటే వాళ్ల కాళ్లలో వేగం పుడుతుంది. అయితే రోజూ ఎదురయ్యే పొరుగువారి దగ్గర ఇది ఎదురు తిరగవచ్చు: రేపు నిజంగా గొడవ జరిగితే "వాళ్ల కుక్క కరుస్తుందని వాళ్లే చెప్పారు" అన్న సాక్ష్యం మీ నోటి నుంచే వచ్చినట్టవుతుంది. అంటుకునే చర్మవ్యాధి ఉందని చెప్పడం మరో పాత చిట్కా. అదీ అపరిచితుల దగ్గర బాగా పనిచేస్తుంది, కానీ అపార్ట్‌మెంట్‌లో చెబితే సాయంత్రానికల్లా ఆ వార్త వాట్సాప్ గ్రూపుకు చేరి, మీ కుక్కను లిఫ్టు ఎక్కించవద్దనేదాకా వెళుతుంది. ఇరుగుపొరుగుతో "డాక్టర్ గారు కొన్నాళ్లు వేరే కుక్కల దగ్గరికి పోనివ్వొద్దన్నారండీ" అనడం మధ్యేమార్గం. తప్పు ఎవరిదన్న చర్చ లేకుండా పని జరుగుతుంది.

అదే మనిషి మళ్లీ మళ్లీ వదులుతుంటే, గొడవ జరిగిన వేడిలో కాకుండా, కుక్కలు రెండూ ఇంట్లో ఉన్న సమయంలో వెళ్లి మాట్లాడాలి. వయసులో పెద్దవారైతే "అంకుల్, ఉదయం ఆరు నుంచి ఏడు దాకా మేము తిప్పుతాం, ఆ గంట మాత్రం మీ దానికి లీష్ వేయండి" అని నిర్దిష్టంగా అడిగితే ఒప్పుకోవడానికి దారి ఉంటుంది. "మీ కుక్కను అదుపులో పెట్టుకోండి" అనే మాటకు అలాంటి దారి ఉండదు.

తిండి విసరడం, అడ్డు నిలబడడం

గుప్పెడు చిన్న ముక్కలను ఎదుటి కుక్క ముఖం వైపు, అది ఆగేటట్లుగా నేల మీద చెల్లాచెదురుగా విసరాలి. ఒక్క పెద్ద బిస్కెట్ విసిరితే నమిలి మళ్లీ వస్తుంది. ఇరవై చిన్న ముక్కలైతే వెతుక్కుంటూ ఉండిపోతుంది, ఈలోగా మీరు జారుకోవచ్చు. ఆటకో పలకరింపుకో వచ్చే కుక్కలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. దాడికి వచ్చేదానికి తిండి కనిపించదు. మీ కుక్కకు తిండి దగ్గర గుర్రుమనే అలవాటు ఉంటే ఈ ఉపాయాన్ని పూర్తిగా వదిలేయండి. ఇంకో నష్టం నెమ్మదిగా బయటపడుతుంది: మీరు కనిపిస్తే చికెన్ ముక్కలు రాలతాయని ఆ కుక్క నేర్చుకొని, రోజూ మీకోసమే కాచుకొని కూర్చుంటుంది.

అడ్డు నిలబడడం అంటే మీ కుక్కను వెనక్కి పంపి, మీరు ఒక అడుగు ముందుకేసి, అరచేయి చాచి, కంచు గొంతుతో ఆజ్ఞ ఇవ్వడం. మన ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు కూడా కుక్కలకు ఆజ్ఞలు ఎక్కువగా ఇంగ్లీషులోనే నేర్పుతారు కనుక "సిట్!" లేదా "నో!" అంటే ఆగే అవకాశం ఎక్కువ. గొంతు గట్టిగా ఉండాలి కానీ కీచుగా ఉండకూడదు. కీచు గొంతు ఉత్సాహాన్ని పెంచుతుంది. దీనికోసం మీ కుక్కకు "వెనక్కి" అన్న ఒక్క మాట నేర్పి ఉంచడం అవసరం. ఇంటి వరండాలో మొదలుపెట్టి, తర్వాత గేటు దగ్గర, ఆ తర్వాత ఖాళీ వీధిలో, తిండి బహుమానంతో నేర్పితే కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ఇన్ని పరికరాల మధ్య ఈ శిక్షణ పేరు ఎవరూ ఎత్తరు, ఎందుకంటే ఇది అమ్మకానికి దొరకదు.

చేతిలో ఏం పట్టుకోవాలి

బటన్ నొక్కితే విచ్చుకునే పెద్ద గొడుగును నేను కర్ర కంటే మెరుగైనదిగా భావిస్తాను. అది ఒక్కసారిగా విచ్చుకునేసరికి ఎదుటి కుక్క జడుసుకొని ఆగుతుంది, తర్వాత డాలులా అడ్డుగా నిలుస్తుంది, ఎవరినీ కొట్టినట్టు కాదు. అయితే ముందుగా మీ కుక్కకు ఆ చప్పుడు అలవాటు చేయకపోతే బెదిరి లీష్ లాక్కొని పారిపోయేది అదే అవుతుంది. కర్ర మన వీధుల్లో అందరికీ తెలిసిన ఆయుధం. వీధికుక్కలు దాన్ని చూడగానే దూరం జరుగుతాయి. పెంపుడు కుక్క విషయంలో దాన్ని నేలకు ఆనించి అడ్డుగా వాడడం వేరు, ఎత్తి కొట్టడం వేరు. దెబ్బ తిన్న కుక్క కొన్నిసార్లు మరింత రెచ్చిపోతుంది. యజమాని చూస్తుండగా కొడితే గొడవ రెండు కుక్కల నుంచి రెండు కుటుంబాలకు పాకుతుంది. అనవసరంగా జంతువును కొట్టడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం కూడా.

స్ప్రేలలో సాదా నీళ్ల సీసా మొదటి మెట్టు. ఆటకు వచ్చే కుక్క ముఖాన నీళ్లు పడితే తరచుగా ఆగిపోతుంది, ఎవరికీ హాని లేదు. సిట్రొనెల్లా స్ప్రే ఘాటైన వాసనతో ఇంకాస్త బలంగా పనిచేస్తుంది. పెప్పర్ స్ప్రేను మాత్రం నిజంగా కరవడానికి వచ్చిన కుక్కకే ఉంచుకోవాలి. గాలి మీవైపు వీస్తుంటే మొదట కళ్లు మండేది మీకు, తర్వాత మీ కుక్కకు. ఒకచేత్తో లీష్ పట్టుకొని, ఇంకోచేత్తో మూత తీసి, గాలి దిశ చూసి కొట్టడం భయంలో ఎంత కష్టమో ఖాళీ చోట ఒకసారి సాధన చేస్తే తెలుస్తుంది. కుక్కలకు మాత్రమే వినిపించే శబ్దం చేసే పరికరాల ప్రకటనలు ఆకర్షణీయంగా ఉంటాయి, కానీ వాటి ఫలితం కుక్కకూ కుక్కకూ మారుతుంది. వినికిడి తగ్గిన ముసలి కుక్కకు అసలు పట్టదు. అందరికంటే దగ్గరగా ఆ శబ్దం వినేది మీ కుక్కే.

లీష్ విషయానికొస్తే, ఐదారు అడుగుల స్థిరమైన నైలాన్ లేదా తోలు లీష్ సరైనది. పదిహేను అడుగుల దాకా సాగి, బటన్‌తో వెనక్కి చుట్టుకునే రకం ఈ పరిస్థితికి అత్యంత చెడ్డ ఎంపిక: సన్నని తాడు రెండు కుక్కల కాళ్లకు చుట్టుకుంటుంది, చేత్తో పట్టుకుంటే చర్మం కోసుకుపోతుంది, ప్లాస్టిక్ పిడి చేజారితే గరగరలాడుతూ వెంటపడి మీ కుక్కను ఇంకా బెదరగొడుతుంది. మెడ బెల్టు కంటే ఛాతీకి వేసే హార్నెస్ మేలు. వీపు మీద పిడి ఉన్న హార్నెస్ అయితే మధ్యస్థ పరిమాణపు కుక్కను క్షణంలో పక్కకు ఎత్తిపెట్టవచ్చు.

కలబడితే

కుక్కలు కలబడ్డాక మెడ బెల్టు పట్టుకొని లాగబోవడమే మనుషులు కాట్లు తినడానికి ముఖ్య కారణం. నోళ్ల మధ్యకు చేయి పోనివ్వవద్దు. ఇద్దరు మనుషులుంటే ఒక్కొక్కరు ఒక్కో కుక్క వెనక కాళ్లను పైభాగంలో పట్టుకొని, ఎత్తి, అర్ధవృత్తంగా వెనక్కి నడవాలి. ఒంటరిగా ఉంటే కరిచి పట్టుకున్న కుక్క నడుము చుట్టూ లీష్ ఉచ్చు వేసి వెనక్కి లాగవచ్చు. పళ్లు దిగి ఉన్నప్పుడు మాత్రం లాగకూడదు, గాయం చీలుతుంది. పట్టు వదిలిన క్షణం కోసం చూడాలి. బకెట్ నీళ్లు అందుబాటులో ఉంటే ముందు అవే కుమ్మరించండి. పెద్ద కుక్క ఉన్నవారు లీష్ వదిలేయాలా వద్దా అన్నది ముందే ఆలోచించుకోవాలి. వాహనాలు లేని చోట వదిలితే మీ కుక్క తప్పుకోగలదు, మెయిన్ రోడ్డు పక్కన వదలడం ఎదుటి కుక్క కంటే పెద్ద ప్రమాదం.

ఎవరికి ఏది

చిన్న కుక్క ఉన్నవారు గొడుగు, హార్నెస్ పిడి, ముందుచూపు మీద ఆధారపడాలి. చంకకెత్తుకోవడం మనసుకు తోచే మొదటి పని, కానీ ఎత్తగానే ఎదుటి కుక్క మీ మీదికి ఎగురుతుంది, కాటు మీ చేతికి పడవచ్చు. ఎత్తాల్సి వస్తే వస్తున్న కుక్క వైపు వీపు తిప్పి, గోడకో కారుకో ఆనుకొని, మీ కుక్కను ఛాతీకి హత్తుకోవాలి. ఎత్తి పరుగెత్తకూడదు.

పెద్ద కుక్క, ముఖ్యంగా ఇతర కుక్కల మీదికి దూకే స్వభావమున్నది ఉన్నవారికి బుట్టలాంటి మజిల్ (నోటి తొడుగు) ఒక ఆలోచించదగిన దారి. దానితో కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్లు తాగగలదు. మజిల్ చూసి ఎదుటివారు తమ కుక్కను దగ్గరకు పిలుచుకుంటారన్నది అదనపు లాభం. కానీ అవతలి కుక్క దాడి చేస్తే మీది తనను కాపాడుకోలేదు. వీధికుక్కలు గుంపులుగా ఉండే వీధుల్లో అందుకే మజిల్‌ను నేను సూచించను. గేటెడ్ కమ్యూనిటీ లోపల సూచిస్తాను.

కూన ఉన్నవారు తొలి నెలల్లో పోట్లాట కంటే భయం గురించి ఎక్కువ ఆలోచించాలి. ఆ వయసులో ఒక్కసారి పెద్ద కుక్క మీద పడితే, ఆ బెదురు ఏళ్లపాటు అన్ని కుక్కల మీదా మొరుగుగా మిగిలిపోవచ్చు. కాబట్టి "కలవనివ్వండి, అలవాటవుతుంది" అన్న మాటకు మొహమాటపడవద్దు. నిజంగా కలపాలనుకుంటే తెలిసిన శాంతమైన కుక్కతో, ఎవరిదీ కాని చోట కలపాలి. హైదరాబాద్‌ కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో ప్రారంభించిన కుక్కల పార్కు వంటివి పెరిగిన, జంకులేని కుక్కలకు సరిపోతాయి. అలాంటి చోట లీష్ లేకపోవడం తప్పు కాదు కనుక, అక్కడికి వెళ్లి ఎదుటివారి మీద ఫిర్యాదు చేయడంలో అర్థం లేదు.

వయసు పైబడినవారికి నా సలహా సూటిగా ఉంటుంది: లాగితే మిమ్మల్ని పడేయగల కుక్కను లీష్ లేని కుక్కలు ఎదురయ్యే వేళల్లో తిప్పవద్దు. తుంటి ఎముక విరగడం కుక్క కాటు కంటే పెద్ద నష్టం. లీష్‌ను మణికట్టుకు చుట్టుకోవడం మానండి, చేతిలో మాత్రమే పట్టుకోండి. జీతానికి కుక్కను తిప్పేవారి విషయంలో బాధ్యత పూర్తిగా యజమానిది. ఎదుటి ఇంటి సారుతో గట్టిగా మాట్లాడే స్వేచ్ఛ పనివాడికి ఉండదు. అందువల్ల అతనికి గొడుగు, తిండి సంచి, "ఎప్పుడైనా వెనక్కి వచ్చేయ్, ఏమీ అనం" అన్న అనుమతి మూడూ ఇవ్వాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారు స్ప్రే కొనేముందు స్థానిక చట్టం చూసుకోవాలి. బ్రిటన్‌లో 1968 నాటి ఫైర్ఆర్మ్స్ చట్టం ప్రకారం పెప్పర్ స్ప్రే దగ్గర ఉంచుకోవడమే నేరం. అదే దేశంలో 1991 నాటి డేంజరస్ డాగ్స్ చట్టంలో, కుక్కను ప్రమాదకరంగా అదుపు తప్పనివ్వడం నేరమనే 3వ సెక్షన్ ఏ జాతి కుక్కకైనా వర్తిస్తుంది కాబట్టి ఫిర్యాదుకు బలం ఎక్కువ. అమెరికాలో లీష్ నియమాలు నగరానికీ కౌంటీకీ మారతాయి. అక్కడ జంతువుల ఫిర్యాదులు చూసే స్థానిక విభాగమైన యానిమల్ కంట్రోల్‌కు ఫోన్ చేయడం మామూలు విషయం, పొరుగువారితో శత్రుత్వం కింద లెక్క కాదు.

ఫిర్యాదు ఎప్పుడు, ఎలా

ఒకేసారి జరిగిన దానికి ఫిర్యాదు వల్ల ఒరిగేది తక్కువ. అదే కుక్క, అదే మనిషి, మాట్లాడినా మారనప్పుడే ఇది తగిన దారి. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవారు ముందుగా అసోసియేషన్‌కు రాతపూర్వకంగా, తేదీలతో, వీలైతే సీసీటీవీ దృశ్యంతో ఇవ్వాలి. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అసోసియేషన్లు పెంపుడు కుక్కల్ని నిషేధించలేవు, మజిల్ తప్పనిసరి అని పట్టుబట్టలేవు. ఉమ్మడి స్థలాల్లో లీష్ వేయమని కోరగలవు. మీరు కూడా కుక్క ఉన్నవారే కనుక "కుక్కలు వద్దు" అనే వర్గంతో కలిసి ఫిర్యాదు చేస్తే, ఆ తర్వాత వచ్చే నిబంధన మీ మీద కూడా పడుతుంది. లీష్ నియమం ఒక్కటే అడగండి.

పోలీసు ఫిర్యాదు దాకా వెళితే వర్తించేది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. తన అధీనంలోని జంతువు వల్ల మనుషుల ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ముప్పు ఉన్నా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సెక్షన్ మాట్లాడేది మనుషులకు ఉన్న ముప్పు గురించి. కాబట్టి "మా కుక్కను కరిచింది" అని మాత్రమే రాస్తే ఫిర్యాదు బలహీనపడుతుంది. లీష్ పట్టుకున్న మీరు ఎలా కిందపడ్డారో, పక్కన పిల్లలు ఎవరున్నారో జరిగింది జరిగినట్టు రాయాలి. పశువైద్యుని బిల్లులన్నీ భద్రపరచండి. చాలా సందర్భాల్లో ఖర్చు భరించేందుకు అవతలివారిని ఒప్పించేది ఆ కాగితాలే.

కాటు పడితే

మనిషికి కాటు గానీ, గీరు గానీ పడితే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పెంపుడు కుక్కే కదా అని ఆగకూడదు. దాని రేబిస్ టీకా కాగితం అడిగి చూడండి, కుక్కను 10 రోజులు గమనించమని యజమానికి చెప్పండి. కానీ ఆ పది రోజులు గడిచేదాకా మీ టీకా మొదలుపెట్టకుండా వేచి ఉండవద్దు. చర్మం చీలి రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల మందు) కూడా అవసరమవుతుంది.

మీ కుక్కకు పడిన కాటు పైకి సూది గుచ్చినంత రంధ్రంలా కనిపించినా లోపల కండరం నలిగి ఉండవచ్చు, దట్టమైన బొచ్చులో అసలు కనిపించకపోవచ్చు. పెద్ద కుక్క నోట కరుచుకొని విదిలించిన చిన్న కుక్కను, నడుస్తూ తోక ఊపుతున్నా సరే, అదే రోజు పశువైద్యునికి చూపించాలి. టీకాలు సకాలంలో వేయించి ఉన్నా రేబిస్ బూస్టర్ ఎప్పుడు వేయాలో అక్కడే అడిగి, టీకా పుస్తకంలో తేదీ రాయించుకోండి.